ఉస్తాద్ ఏరిన బేరింగు

మంచి బేరింగు చప్పుడు చేయదు. నా బతుకంతా ఈ ఒక్క మాట మీద నడిచింది. బండ్ల కింద పడుకొనే ముసలివాణ్ణయ్యాను. ఎన్నో ఇంజన్లు విప్పాను, బిగించాను. అయినా పని గురించి ఒక్క ముక్క చెప్పమని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. దీన్ని నాకు నేర్పింది మా ఉస్తాద్. పోయిన చలికాలం ఆయన పోయాడు. మట్టి ఇచ్చి వచ్చాక నలుగురూ కూర్చొని ఆయన చేతి గురించి, మనసు గురించి మంచి మాటలు చెప్పుకున్నారు. అవన్నీ నిజమే. నేను రాసేది మాత్రం ఆయన చివరిసారి బేరింగు ఏరిన రోజు గురించి. ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఆ సంగతి ఎత్తరు. ఎత్తకపోవడమే మర్యాద అనుకుంటారు. నాకు ఆ మర్యాద చేతకాదు.

సంతోష్‌నగర్‌లో ఒక సందు చివర ఆయన షెడ్డు ఉండేది, దాని వెనకే ఇల్లు. నేను పనికి చేరింది అక్కడే, పని నేర్చింది అక్కడే. నా సొంత దుకాణం మూసేశాక పొద్దు పోవడానికి మళ్ళీ వెళ్ళి కూర్చున్నది కూడా అక్కడే. ఆయన ఇంట్లో దక్కనీ, మా ఇంట్లో తెలుగు, షెడ్డులో రెండూ కలిపి నడిచేవి. నాకు డెబ్బై దాటినా నన్ను పోరడా అనే పిలిచేవాడు. మా కోడలు ముందు కూడా అలాగే పిలిచేవాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. ఈ అక్షరాలు అరవై దాటాక వచ్చినవి. ఉస్తాద్ పెద్ద బిడ్డ భర్త పోయి కూతురితో పుట్టింటికి వచ్చేసింది. ఆ కూతురు, అంటే ఉస్తాద్ మనవరాలు, బడిలో తెలుగు కూడా చదివేది. వాళ్ళింట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారు గానీ చదివేవాళ్ళు లేరు. అందుకని పుస్తకం తీసుకొని షెడ్డుకొచ్చి నా పక్కన కూర్చొని పైకి చదివేది. వాళ్ళమ్మలాగే తనూ నన్ను చిచ్చా, అంటే బాబాయి, అనేది. ఒకరోజు తలెత్తి, "సరిగ్గ చదువుతున్ననా చిచ్చా?" అని అడిగింది.

"నాకేం ఎరికె బిడ్డా. నాకు చదువు రాదు."

"రాదా! మరి ఇన్ని దినాలు తల ఎందుకు ఊపినవ్?"

"నువ్వు మంచిగ చదువుతున్నవని."

"ఇట్ల కూసో" అని బలపం నా చేతిలో పెట్టింది. షెడ్డు బండల మీద నా మొదటి అక్షరాలు గ్రీజు మరకల మధ్య పడ్డాయి. అందుకే ఆ పిల్ల పెళ్ళి కుదిరిందనగానే నా ఇంట్లో పిల్లకు కుదిరినట్టే అనిపించింది. పిల్లవాడి ఇల్లు బార్కస్‌లో. మంచి కుటుంబం. ఉస్తాద్ ఒప్పుకున్నాడు, ఒప్పుకున్న మరునాడే తన కారు మీద కప్పిన గుడ్డ తీశాడు.

ఆ కారు గురించి చెప్పాలి. ఇంగ్లీషువాళ్ళ దేశంలో తయారైన చిన్న బండి. తాబేలు వీపులా గుండ్రటి వెనక భాగం. ఏదో పాత నవాబు దేవిడీలో దాని సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెట్టుకుంటుంటే ఉస్తాద్ వయసులో ఉన్నప్పుడు దాన్ని తుక్కు కింద తెచ్చుకొని, సంవత్సరాల తరబడి కూర్చొని మళ్ళీ బండిని చేశాడు. కిరాయికి ఇచ్చేవాడు కాదు, సినిమావాళ్ళు అడిగినా ఇవ్వలేదు. తన బిడ్డలు అత్తగారిళ్ళకు పోయింది ఆ కారులోనే, స్టీరింగు మీద ఆయనే. దానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. బిడ్డ పెళ్ళికి ముందు వెనక ఆక్సిల్ విప్పి, రెండు చక్రాల బేరింగులూ మార్చాల్సిందే. పాతవి బాగున్నా సరే. ఆ బేరింగులు ఆయన తన చెవితో విని ఏరాలి, తన చేత్తో ఎక్కించాలి, తనే నడిపి బిడ్డను దింపి రావాలి. వెనక సీట్లో మనిషి కూర్చుంటే ఆ బరువు మొదట మోసేది ఆ రెండు బేరింగులే కదా. అందుకని ఆయనకు అదే బిడ్డకు ఇచ్చే ఆఖరి కాపలా.

మనవరాలికి కూడా అలాగే జరగాలన్నాడు. అంతకంటే ఆయన కోరింది ఏమీ లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గుడ్డ తీసిన రెండు రోజులకు ఆయన ఆ కారేసుకొని మా ఇంటికొచ్చాడు. బండి ఇంకా మలుపు తిరగలేదు, నాకు వినపడింది. పిండిమర తిరుగుతున్నట్టు గుర్రుమంటోంది. ఎదురింటి ఆవిడ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపి చూసింది. వెనక ఎడమ చక్రం బేరింగు పోయిందని కళ్ళు మూసుకొని చెప్పొచ్చు. ఉస్తాద్ దిగి, బానెట్‌ను అరచేత్తో నిమిరి, నవ్వుతూ అన్నాడు:

"ఎట్లున్నది పోరడా? ఇన్ని దినాలు పండి లేసినా పాల మీద మీగడ లెక్క జారుకుంట వచ్చింది."

నాతో మజాకు చేస్తున్నాడనుకున్నాను. "మీగడ కాదు ఉస్తాద్, గిర్ని. గల్లీ అంత లేసింది" అన్నాను. ఆయన నా పెదవుల వైపు చూసి, "ఆఁ, ఆఁ, మస్తు వచ్చింది" అన్నాడు.

ఆయనకు చెవి మందగించిందని అందరికీ తెలుసు. గట్టిగా మాట్లాడడం అలవాటు చేసుకున్నాం. పెద్ద బిడ్డ, చెవిలో పెట్టుకునే మిషను కొనిస్తే నాలుగు రోజులు పెట్టుకొని తీసేశాడు. "దాన్ల బజారంత జొరబడ్తుంది. నాకు కావాల్నది ఒక్కటి రాదు. నక్కో, వద్దు" అన్నాడు. సరే, ముసలితనం అనుకున్నాం. కానీ మాటలు వినపడకపోవడం వేరు, ఆక్సిల్ వినపడకపోవడం వేరు. మనుషుల మాటలు ఆయన ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. బండి మాట వినకుండా ఉండడం ఆయనకు చేతకాదు. అది కూడా పోయిందని ఆ రోజు మా వాకిట్లో నాకు తెలిసింది. ఆయనకు తెలియలేదు.

మరునాడు పోతే ఆయన బిడ్డ నన్ను వంటింటి గడప దగ్గర ఆపింది.

"చిచ్చా, మా అబ్బా తనే నడుపుతా అంటుండు. ఎనక లారీ హారన్ కొట్టినా ఇనపడదు ఆయనకు. నా బిడ్డను కూసోపెట్టుకొని పోతా అంటుండు. నువ్వన్న చెప్పు."

"నేను చెప్తే మెత్తగ రాదమ్మా."

"మెత్తగ మేము చెప్పినం. నవ్వి పోతుండు."

ముందు బేరింగుల పని చూద్దాం, ఆ తర్వాత మాట్లాడతాను అన్నాను. నిజానికి ఆ మాట ఎలా మొదలుపెట్టాలో నాకు తోచలేదు.

చక్రాలు తీశాం, లోపలి షాఫ్టులు గుంజాం. ఆ బండికి ఎడమ వైపు నట్టు ఎదురు తిప్పితే తప్ప రాదు. కొత్తవాళ్ళు అక్కడే మర విరగ్గొడతారు. ఉస్తాద్ చేతులు మాత్రం చూడకుండానే అటు తిప్పాయి. ఎడమ బేరింగు బయటికి తీసి డీజిల్‌లో కడిగాను. గోలీలు తిరిగే గాడి మశూచి వచ్చి తగ్గిన ముఖంలా గుంటలు పడి ఉంది. దాని బయటి రింగు అంచున పంచుతో కొట్టిన రెండు చుక్కలున్నాయి. తను ఏరిన ప్రతి బేరింగుకూ ఉస్తాద్ అలా రెండు చుక్కలు కొట్టేవాడు. చిన్న బిడ్డ పెళ్ళికి వేసినవి అవి. కొలత సరిచూసుకోవడానికి పనికొస్తుందని దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాను.

ధూల్‌పేట్ దగ్గర పాత బండ్ల సామాన్లు అమ్మే ఒకాయన ఉన్నాడు. కొత్త దుకాణాలన్నీ నది అవతల ఉన్నా ఉస్తాద్ ఎప్పుడూ అక్కడికే పోయేవాడు. వానాకాలం. దారి పొడుగునా వినాయకుళ్ళు ఇంకా రంగులు లేకుండా తెల్లగా, ప్లాస్టిక్ కవర్లు కప్పుకొని నిలబడి ఉన్నారు. దుకాణం పక్క పందిట్లో ఒకతను ఒక పెద్ద బొమ్మ పొట్టకు గడ్డి కట్టి సుతిలి తాడు చుడుతున్నాడు. ఉస్తాద్‌ను చూడగానే దుకాణపాయన లేచి స్టూలు తుడిచాడు.

"రా ఉస్తాద్, రా! ఏం కావాలె?" అని అరిచాడు.

"అరిచేదెందుకు? నేను చెవిటోన్ననుకున్నవా?" అన్నాడు ఉస్తాద్. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు.

నంబరు చెప్పాను. ఆ కొలత ఇప్పుడు పాత మాల్‌లో, అంటే వాడిన సరుకులో, దొరకడం కష్టమంటూ దుకాణపాయన లోపలికి పోయి నాలుగైదు బేరింగులు తెచ్చి గుడ్డ మీద పరిచాడు. అన్నీ వాడి తీసినవే. దట్టంగా గ్రీజు పెట్టి ఉన్నాయి. వేలు పెట్టి తిప్పితే నూనెలో తిరిగినట్టు మెత్తగా తిరుగుతున్నాయి.

"డీజిల్ తే" అన్నాడు ఉస్తాద్.

ఇదీ ఆయన పద్ధతి. అరిగిన బేరింగుకు చిక్కటి గ్రీజు పట్టిస్తే దాని నోరు మూసుకుపోతుంది. కొనేవాడు తిప్పి చూసి బాగుందనుకుంటాడు, పది మైళ్ళు పోయాక ఏడుస్తాడు. అందుకని ముందు గ్రీజంతా కడిగెయ్యాలి. గుడ్డతో తుడిచి, కాసేపు గాలికి ఆరనివ్వాలి. అప్పుడు లోపలి రింగులో వేలు దూర్చి, చెవి దగ్గర పట్టుకొని, బయటి రింగును తిప్పి వదలాలి. ఒంటి మీద బట్టలు లేని బేరింగు అబద్ధం ఆడదు అనేవాడు. ఒక్క గోలీకి చిన్న గీత ఉన్నా టిక్కుమంటుంది. గాడి అరిగితే గరగరమంటుంది. ఏమీ అనకుండా తిరిగి తిరిగి తనంతట తాను ఆగిపోయేది మంచిది. నా పడుచుతనంలో ఆయన అలా వింటుంటే గల్లీలో ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు.

ఆ రోజు కూడా ఆయన ఒక్కొక్కటీ కడిగాడు. కళ్ళు మూసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకొని తిప్పాడు. మొదటిది పక్కన పెట్టాడు, "బాగుంది." రెండోది, "ఇది గూడ బాగుంది." మూడోది, "ఇది ఇంకా మంచిగుంది." ఆయన ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. ఇంత మంచి మాల్ ఒక్కచోట ఎలా దొరికిందా అని. నేను ఆయన పక్కన పెట్టినవి తీసి తిప్పి చూశాను. రెండోది వేలికే ఇసుకలా తగిలింది. ఆయన మాత్రం ఎప్పుడూ చెవినే నమ్మినవాడు, వేలి మాట పట్టించుకోలేదు. మూడోది నా ముసలి చెవికి కూడా వినపడింది.

నిశ్శబ్దంగా ఉన్నదే మంచి బేరింగు. ఆయనకు ఇప్పుడు అన్నీ నిశ్శబ్దమే.

దుకాణపాయన నా ముఖం చూశాడు. గొంతు తగ్గించాల్సిన అవసరం కూడా లేకుండా మామూలుగానే అన్నాడు:

"ఊకో అన్నా. శాన దినాల సంది గిట్లనే నడుస్తుంది. ఆయన ఏది ఏరినా సరే అంట. కాయితంల చుట్టేటప్పుడు లోపల్నుంచి మంచిది పెడ్త. ఆయనకు తెల్వది."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల ఈ నంబరుల మంచిది నా కాడ లేదు. నువ్వు అవుతలికి పోయి కొత్తది తెచ్చి ఎయ్యి. ఇక్కడ ఆయన్ని ఏరుకోనీ. పెద్దమనిషి, ఖుషీగుంటడు."

ఆయన ఎదుటే కూర్చొని ఆయన గురించి అలా మాట్లాడుకున్నాం. మధ్యలో ఉస్తాద్ ఒకసారి తలెత్తి మా ఇద్దరినీ చూసి, బేరమాడుతున్నామనుకొని, "ధర నేను మాట్లాడ్త, నువ్వు గమ్మునుండు" అని నన్ను కసిరాడు.

దుకాణపాయన చెప్పినట్టు చేయొచ్చు. నేను కాదనను. ఆయన కోసమే పాపం అన్నాడు. కొత్తది తేవాలంటే వెడల్పు తెలియాలి కదా అని నా సంచిలోని పాత బేరింగు తీసి గుడ్డ మీద పెట్టి, కొలిచే పరికరం కోసం దుకాణపాయన వైపు తిరిగాను. ఇటు తిరిగేలోగా ఉస్తాద్ దాన్ని అందుకున్నాడు. కడిగి ఉంది కదా, తనే కడిగిన వాటిలో ఒకటి అనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తిప్పాడు.

అది గరగరలాడింది. గులకరాళ్ళు డబ్బాలో వేసి ఊపినట్టు. పక్క పందిట్లో సుతిలి చుట్టే అతను చేయి ఆపి ఇటు చూశాడు. ఉస్తాద్ కళ్ళు తెరవలేదు. మిగిలినవాటికంటే ఎక్కువసేపు విన్నాడు. మళ్ళీ తిప్పాడు. మెల్లగా తల ఊపాడు, మంచి పాట విన్నవాడిలా. ఆగాక కళ్ళు తెరిచి దాన్ని నా చేతిలో పెట్టాడు.

"వాహ్! గిది పోరడా. గిదే. పిల్లకు గిదే ఎయ్యాలె. మిగిల్నవన్ని దీని ముంగట బేకార్."

దుకాణపాయన తల దించుకున్నాడు. నేను బేరింగు చేతిలో పట్టుకొని నిలబడ్డాను. అంచున రెండు చుక్కలు నా బొటనవేలి కిందే ఉన్నాయి.

ఊరుకుంటే ఆ పూట గడిచిపోయేది. నది అవతలికి పోయి కొత్తవి తెచ్చి, ఇవే అవని చెప్పి ఆయన చేతికిస్తే సంతోషంగా ఎక్కించేవాడు. కానీ తరువాత? ఆయన చెవి ఏరిన బేరింగుల మీద, ఆయన చెవికి వినపడే రోడ్డు మీద, మనవరాలిని కూర్చోబెట్టుకొని పోతానంటాడు. చెవి బాగుందని ఆయనకు సాక్ష్యం మేమందరం. దుకాణపాయన ఒక సాక్షి, నేనొక సాక్షి.

"ఉస్తాద్, గిది మన బండిది" అన్నాను.

ఆయన నవ్వి తల ఊపాడు. "అవ్, మన బండికే."

"మన బండికి కాదు. మన బండిల నుంచి తీసింది. నిన్న."

"ఏంది?"

చెవిటి మనిషికి ఏదీ మెల్లగా చెప్పలేం. నేను అరిచాను. నా గొంతు ఆ సందు చివరి దాకా పోయింది.

"పాతది ఉస్తాద్! పోయిన బేరింగు! నీ చుక్కలు చూడు!"

రింగు తిప్పి చుక్కలు ఆయన కళ్ళ ముందు పెట్టాను. ఆయన దాన్ని తీసుకున్నాడు. చుక్కల మీద గోరు పెట్టి గీకాడు, పోతాయేమో అన్నట్టు. ఆ తర్వాత వేలికి దూర్చుకొని తిప్పాడు. కుడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎడమ చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ కుడి చెవి. ఈసారి కళ్ళు మూసుకోలేదు, నన్నే చూస్తున్నాడు.

"ఆవాజ్ చేస్తుందా?"

"చేస్తుంది."

"మస్తా?"

"మస్తు. రోడ్డు మీదోళ్ళు గూడ ఇటే చూస్తున్నరు."

ఆయన రోడ్డు వైపు చూశాడు. సుతిలి చుట్టే అతను చప్పున తల తిప్పుకొని పనిలో పడ్డాడు. ఉస్తాద్ చాలాసేపు అటే చూసి, దుకాణపాయన వైపు తిరిగాడు.

"నీకు గూడ ఎరికేనా?"

దుకాణపాయన రెండు చేతులూ జోడించాడు. "పెద్దోనివి ఉస్తాద్... మర్యాద కోసం..."

"బేరింగుకు మర్యాద ఏందిరా" అన్నాడు ఉస్తాద్. కోపంగా అనలేదు. పని నేర్పేటప్పుడు ఎలా అనేవాడో ఆ గొంతుతోనే అన్నాడు. తను ఏరినవాటినన్నింటినీ ఒక్కొక్కటిగా గుడ్డ మీద వెనక్కి పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. వేళ్ళ సందులు కూడా తుడుచుకున్నాడు. "నువ్వు పోయి తే. చెవులున్నోనివి నువ్వే విను. నేను ఇంటికి పోత" అని లేచాడు. ఆటో ఎక్కిస్తానంటే వద్దన్నాడు. వాన తుంపరలో ఆ తెల్ల బొమ్మల మధ్య నుంచి నడుచుకుంటూ పోయాడు. వెనక నుంచి ఒక బండివాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. చివరికి ఎవరో ఆయన భుజం పట్టి పక్కకు లాగారు.

అలా అందరి ముందు అరవకుండా ఉండాల్సిందని తర్వాత నాకు చెప్పినవాళ్ళున్నారు. ఇంకెలా చెప్పాలో మాత్రం వాళ్ళెవరూ చెప్పలేదు. మళ్ళీ ఆ రోజు వచ్చినా నేను చెప్పేది అదే. చెప్పాక ఆయన రోడ్డు వైపు చూసిన చూపు మాత్రం నన్ను వదలలేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు వస్తుంది.

ఆ సాయంత్రమే నది అవతలి పెద్ద దుకాణానికి పోయాను. అద్దాల తలుపులు, కంప్యూటరు. కౌంటరు దగ్గర కుర్రవాడు నంబరు కొట్టి ఒక డబ్బా తెచ్చాడు. విప్పితే రెండు వైపులా రబ్బరు మూత ఉన్న రకం.

"ఇది బెస్ట్ అంకుల్. గ్రీజు లోపల్నే ఉంటది. దుమ్ము పోదు."

"నా బండికి గ్రీజు అక్కర్లేదు బాబూ. ఆ ఆక్సిల్‌ల ఉండే నూనెనే దానికి తిండి. మూత పెడితే ఎట్ల తింటది?"

అతను తెలివైనవాడు. ఒకసారి విని అర్థం చేసుకొని, మూతలు లేని రకం వెతికి తెచ్చాడు. అంతే కాదు, నంబరు వెనక తోకలా ఉండే అక్షరాన్ని వేలితో చూపించి, దాన్ని బట్టి లోపల గోలీలకు వదిలే సందు మారుతుందని, బండి వేడెక్కితే ఏ సందు మంచిదో చెప్పాడు. ఇన్నేళ్ళూ నాకు ఆ సంగతి తెలియదు. నంబరు సరిపోతే సరిపోయిందనుకునేవాణ్ణి. మాలో ఎవరికీ తెలియదనుకుంటాను. ఇంటికి పోయి ఉస్తాద్‌కు చెప్పాలి అనుకున్నాను, ఆ తర్వాత ధూల్‌పేట్‌లో జరిగింది గుర్తొచ్చి, ఇక ఏ ముఖంతో చెబుతాను అనిపించింది.

నూనె కాగితం విప్పాను. ముద్ర స్పష్టంగా ఉందా, రింగు అంచున ఎక్కడైనా దెబ్బ ఉందా, పైకీ కిందికీ ఊగుతోందా, అన్నీ చూశాను. వేలికి దూర్చి చెవి దగ్గర పెట్టుకొని తిప్పాను. అది ఏమీ అనలేదు. నాకు భయమేసింది. నా చెవి కూడా ముసలిదే. అది మంచిది కాబట్టి ఏమీ అనలేదా, నాకే వినపడలేదా?

"బాబూ, నువ్వొకసారి విను" అని ఆ కుర్రవాడికి ఇచ్చాను.

అతను నవ్వాడు గానీ నా ముఖం చూసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. రెండింటినీ విన్నాడు. "ఏం లేదంకుల్. సైలెంట్."

వాటిని తీసుకొచ్చి షెడ్డులో పెడితే ఉస్తాద్ తాకలేదు. కుర్చీ వేసుకొని గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నేనే ఎక్కించాను. చక్రం బిగించే హబ్‌లోకి దింపేటప్పుడు బయటి రింగు మీద మాత్రమే ఒత్తిడి పడాలి. లోపలి రింగు మీద దెబ్బ పడితే కొత్త బేరింగు అక్కడికక్కడే పాడవుతుంది. బయటి రింగు హబ్ అంచు కంటే వెంట్రుకంత పైకి ఉండాలి. అప్పుడే షాఫ్టు చివర ఉండే రేకు దాన్ని గట్టిగా అదిమి పట్టుకుంటుంది. లేకపోతే హబ్ ఊగుతుంది, నూనె కారి బ్రేకుల్లోకి పోతుంది. స్కేలు పెట్టి చూశాను. సరిగానే ఉందనిపించింది. షాఫ్టు చేతికి తీసుకున్నాను. ఉస్తాద్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. హబ్ అంచు మీద నుంచి రింగు మీదికి చూపుడువేలి గోరు చుట్టూ జరిపాడు. ఒకచోట ఆపాడు.

"ఇక్కడ దిగలే. చెత్త ఉన్నది కింద."

తీసి చూస్తే నిజంగానే చిన్న ఇనుప రజను. తుడిచి మళ్ళీ ఎక్కించాను. ఆయన మరోసారి గోరు జరిపి, తల ఊపి, పోయి కుర్చీలో కూర్చున్నాడు. పంచు, సుత్తి తెచ్చి రెండు చుక్కలు కొట్టమని ముందు పెట్టాను. చేత్తో పక్కకు నెట్టేశాడు. "నేను ఏరినవి కావు" అన్నాడు.

పని అయ్యాక బండి బయటికి తీసి చాంద్రాయణగుట్ట దాకా పోయి వచ్చాను. చప్పుడు లేదు. తాళం చెవి ఇవ్వబోతే ఆయన నా పిడికిలి మూసి, "నీ కాన్నే పెట్టుకో. పెండ్లినాడు నువ్వే నడుపు" అన్నాడు. వంటింటి గడప దగ్గర ఆయన బిడ్డ విన్నది. ఆమె అడిగింది అదే. ఆమెకు దొరికింది. చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది.

పెళ్ళి రోజు సాయంత్రం అసర్ నమాజు తర్వాత నిఖా. అర్ధరాత్రి దాకా సాగే పెళ్ళిళ్ళు ఉస్తాద్‌కు పడవు. పొద్దు గుంకకముందే పిల్లను పంపాలన్నాడు, అలాగే జరిగింది. కారుకు పూలదండలు కట్టారు. తల మీద పట్టిన ఖురాన్ నీడలో పిల్లను తెచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు, పక్కన పెళ్ళికొడుకు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఉస్తాద్ నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ కారులో ఆ వైపు ఆయన కూర్చోగా నేను అంతకు ముందు చూడలేదు. తలుపు పిడి ఎక్కడుందో తడుముకున్నాడు.

బండి కదిలింది. బార్కస్ పెద్ద దూరం కాదు. ఉస్తాద్ రోడ్డునే చూస్తున్నాడు. నేను బ్రేకు తొక్కినప్పుడల్లా ఆయన కాలు కూడా కిందికి నొక్కుతోంది. కొంచెం దూరం పోయాక నా వైపు వంగాడు.

"ఆవాజ్ వస్తుందా?"

తల అడ్డంగా ఊపాను. ఆయన వెనక్కి ఆనుకున్నాడు. నిజంగానే ఆక్సిల్ నుంచి ఒక్క చప్పుడు లేదు. అది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే వెనక సీట్లో పిల్ల ఏడుపు ఎక్కిళ్ళతో సహా వినపడుతోంది. పెద్దగా ఏడుస్తోంది, చిన్నప్పుడు షెడ్డులో కింద పడి మోకాలు చీరుకుపోతే ఏడ్చినట్టు. అద్దంలో చూశాను. పెళ్ళికొడుకు పాపం ఏం చేయాలో తెలియక తన రుమాలు మడత విప్పుతున్నాడు. ఆమె ముందు సీటు వెనక భాగాన్ని, సరిగ్గా ఉస్తాద్ తల వెనకే, రెండు చేతులతో పట్టుకొని ఉంది. ఆయన ముందుకే చూస్తున్నాడు.

సగం దారి దాటాక ఆయన నా ముఖంలో ఏం చూశాడో తెలియదు.

"పిల్ల ఏడుస్తుందా?" అన్నాడు.

"అవ్ ఉస్తాద్."

"ఎప్పట్నుంచి?"

"ఇల్లు దాటిన కాడ్నుంచి" అని గట్టిగా చెప్పాను. గట్టిగా చెప్పడంతో పిల్ల కూడా విన్నది. వెనక ఏడుపు ఒక్క క్షణం ఆగింది.

ఉస్తాద్ వెనక్కి తిరగడానికి ప్రయత్నించాడు. మెడ అంత తిరగలేదు. చేయి భుజం మీదుగా వెనక్కి పెట్టి, గాలిలో అటూ ఇటూ వెతికాడు. గోరింటాకు చేతులు ఆ చేతిని పట్టుకున్నాయి. నేను బండి వేగం తగ్గించాను.